మీటల మీద తెలుగు ఎవరికోసం?

"కీబోర్డు మీద తెలుగక్షరాలా? వాటిని ఎవరు చూస్తారండీ!" మెకానికల్ కీబోర్డుకు తెలుగు తొడుగులు చేయించుకున్నానని చెప్పినప్పటి నుంచీ మిత్రుల నోట వింటున్న మాట ఇది. అడిగినవారందరూ తెలుగు రాసేవారే. యూనికోడులో తెలుగు కనబడితేనే పండగ చేసుకున్న రోజుల నుంచీ రాస్తున్నవారు. అందుకే జవాబు కాస్త గట్టిగా చెప్పవలసివస్తోంది.

ముందు వస్తువు సంగతి. మెకానికల్ కీబోర్డులో ప్రతి మీట కిందా విడిగా ఒక స్విచ్చు ఉంటుంది. దాని మీది ప్లాస్టిక్ తొడుగును ఊడదీసి మరొకటి తొడగవచ్చు. దీనినే కీక్యాప్ అంటారు. ఎక్కువగా ఏబీఎస్, పీబీటీ అనే రెండు ప్లాస్టిక్కులతో వీటిని చేస్తారు. ఏబీఎస్ వాడగా వాడగా వేళ్ళ రాపిడికి మెరుగెక్కిపోతుంది. పీబీటీ గరుకుదనం చాలాకాలం నిలుస్తుంది. అక్షరాలు వేసే పద్ధతులలోనూ రెండు ముఖ్యమైనవి. రెండు రంగుల ప్లాస్టిక్కును ఒకదానిలో ఒకటి పోత పోయడం మొదటిది. దానికి ఒక్కో అక్షరానికీ అచ్చు కావాలి కనుక నాబోటి ఒంటరివాడి కోసం ఎవరూ చెయ్యరు. వేడితో రంగును ప్లాస్టిక్కులోకి ఇంకించడం రెండవది. నాది ఈ రెండవ రకం, పీబీటీ.

తొలిచూపులో తోచినవి: తొడుగులు మందంగా ఉన్నాయి, శబ్దం కాస్త గంభీరమైంది. అక్షరాల అంచులు తేటగా వచ్చాయి. ఔత్వం వంపు కూడా అలుక్కుపోలేదు. ఝ మాత్రం కళ్ళు చికిలించుకుని చూడవలసినంత చిన్నదైంది.

నన్ను ఆపి కూర్చోబెట్టింది మాత్రం అమరిక. ఇది ఇన్‌స్క్రిప్టు, భారతీయ లిపుల సంకేతాల కోసం 1991లో వెలువడిన జాతీయ ప్రమాణంలో చోటు చేసుకున్న అమరిక. అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులలో అధికభాగం కుడిచేతి వైపు. క ఉన్న మీటకే షిఫ్టు నొక్కితే ఖ, త ఉన్నచోటే థ, ప ఉన్నచోటే ఫ. గుడి ఉన్న మీట మీదే ఇ, కొమ్ము ఉన్న మీట మీదే ఉ. ర మీద ఱ కూర్చుని ఉంది. చిన్నప్పుడు పలక మీద దిద్దిన వర్గాలూ గుణింతాలూ బల్ల మీద పరచినట్టుంది. పైగా కన్నడానికీ హిందీకీ క స్థానం ఇదే. ఒక లిపికి అలవాటుపడిన చేయి మరొక లిపిలో తడుముకోదు. ఇంత శాస్త్రీయమైన అమరిక మన కంప్యూటర్లలో ఏళ్ళుగా ఉంది. మీటల మీద కనబడనందువల్ల మనలో చాలామందికి అది ఉన్నట్టే తెలియదు.

ఇక వాదాలకు వస్తాను.

మొదటిది: "చూసి కొట్టేవాడు టైపిస్టే కాడు, వేళ్ళకు తెలిస్తే చాలు." నిజమే. ఆ వేళ్ళకు మొదట చెప్పింది ఎవరు? ఇంగ్లీషు మీటలను మనం చూసి చూసి నేర్చుకున్నాం, చూడకుండా కొట్టడం తరువాత వచ్చింది. ఇంగ్లీషుకు దక్కిన ఆ మొదటి ఆరునెలల దయ తెలుగుకు మాత్రం అక్కర్లేదా?

రెండవది: "రోమను లిపిలో కొడితే తెలుగు వచ్చేస్తోంది కదా!" ఆర్టీయెస్‌కూ లేఖినికీ నేను కృతఘ్నుణ్ణి కాను. అవే లేకపోతే ఈ రోజు మీకూ నాకూ ముఖపరిచయం కూడా ఉండేది కాదు. అయితే ఆ దారిలో ఒక సుంకం ఉంది: తెలుగు రాయాలంటే ముందు ఇంగ్లీషు అక్షరాలు వచ్చి ఉండాలి. మనకు వచ్చు కనుక సుంకం కడుతున్నామన్న స్పృహ కూడా లేదు. తెలుగు మాత్రమే చదువుకున్న పెద్దమ్మ మన ఇంటి కంప్యూటరు ముందు కూర్చుంటే ఆమెకు మీట మీద ఒక్క అక్షరమూ పరిచయమున్నది కనబడదు. అదే పెద్దమ్మ ఫోను తెరమీద అ ఆ ఇ ఈలు కనబడితే వేలితో ఏరుకుని మనవడికి సందేశం రాస్తుంది. ఆమెలో లోపమేమీ లేదు, కళ్ళెదుట అక్షరం లేకపోవడమే లోపం.

సుంకం కట్టగలిగినవారికీ నష్టమే. రోమను లిపిలో కే, ఏ, ఎల్, ఎల్, యూ అని సందేశం వస్తే అది కల్లా, కళ్ళా, కాళ్ళా? ట-త, న-ణ, ల-ళ భేదాలను తీర్చవలసిన పనిని మనం యంత్రం ఊహకు వదిలేస్తున్నాం. ఊహ తప్పితే తప్పే అచ్చవుతుంది. శ్రమ తగ్గుతోందా అంటే అదీ లేదు. "కమల" అని రాయడానికి రోమనులో ఆరు మీటలు, ఇన్‌స్క్రిప్టులో మూడు. హల్లులోనే అకారం ఇమిడి ఉన్న లిపి మనది. దానిని ప్రతిసారీ పరాయి అక్షరంతో మళ్ళీ రాసుకోవడం దేనికి?

మూడవది: "ఇవన్నీ అలంకారాలు." జపానులో అధికులు రోమను అక్షరాలతోనే టైపు చేస్తారు, అయినా అక్కడి కీబోర్డుల మీద కానా అక్షరాలు అచ్చవుతూనే ఉన్నాయి. కొరియా మీటల మీద హంగుల్ ఉంది. అంతెందుకు, టోల్కీన్ తన కథల్లోని ఎల్ఫుల కోసం కల్పించిన లిపితో కూడా తొడుగుల సెట్టు అమ్మకానికి వచ్చింది! 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్లకు పైమాటే. నా సెట్టు తయారీదారు పంపిన మొదటి నమూనాలోనేమో క్ష విరిగి, పొల్లు తగిలించిన క పక్కన ష నిలబడి ఉంది. "ఇలాగే ఉంటుందా?" అని అడిగాడు. అతడి మీద నాకు కోపం లేదు. అంతకు ముందు అతణ్ణి తెలుగు అడిగినవారెవరూ లేరట.

అసలు కోపం మన మీద. 1966లో అధికార భాషా చట్టం చేసుకున్నాం. 2018లో తెలంగాణ బడులలో తెలుగును తప్పనిసరి చేస్తూ మరొక చట్టం వచ్చింది. నేను అడుగుపెట్టిన ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ, ఏ బడి కంప్యూటరు గదిలోనూ మీట మీద తెలుగక్షరం కనబడలేదు. తెలుగు తప్పనిసరిగా చదవవలసిన పిల్ల కంప్యూటరు ముందు కూర్చోగానే తన లిపి అక్కడిది కాదని నేర్చుకుంటోంది. ఆ పాఠం ఏ వాచకంలోనూ ఉండదు, అయినా చక్కగా వంటబడుతుంది. స్టిక్కర్లు అంటించుకోవచ్చు కదా అంటారు కొందరు. వేసంగి చెమటకు మూలలు లేచి ఊడిపోయే ఆ బిళ్ళలు అధికార భాషకు తగిన ఆసనమేనా?

చేయవలసినది పెద్దదేమీ కాదు. బడులకూ కార్యాలయాలకూ కంప్యూటర్లు కొనే టెండరులో "మీటల మీద తెలుగక్షరాలు ఉండవలెను" అని ఒక్క వాక్యం చేర్చమని మన ప్రభుత్వాలను అడగాలి. ఇక తొడుగుల మోజున్నవారికి: కొందరు కలిసి ముందుగా డబ్బు కడితే తయారీ మొదలుపెట్టడం ఈ రంగంలో మామూలే. మనం ఆ కొందరం కాలేమా? ఈసారి కీబోర్డు కొనేటప్పుడు దుకాణంలో తెలుగున్నది చూపించమని అడగండి. లేదంటారు. మరుసటివారం మీ తమ్ముణ్ణి పంపి మళ్ళీ అడిగించండి.