బుర్జ్ అల్ బరాజ్నే: వానలకు ముందే కదలాలి

బీరూట్ దక్షిణ శివారులో, విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉన్న బుర్జ్ అల్ బరాజ్నే పాలస్తీనా శిబిరంలో వాన పడిందంటే గోడ మీద చెయ్యి వేయాలన్నా భయమే. ఎదురుగా మనిషొస్తే పక్కకు ఒదగాల్సిన సందులు. నెత్తిమీద చిక్కుపడ్డ కరెంటు తీగలు, వాటిని ఒరుసుకుంటూ నీటి గొట్టాలు. గొట్టం కారుతుంది, తీగ తడుస్తుంది, ప్రాణం పోతుంది. అలా షాక్ కొట్టి పోయినవాళ్లు అక్కడ ఒకరిద్దరు కాదు. అక్టోబరు, నవంబరుల్లో వానలు దిగేలోగా తీగలనూ గొట్టాలనూ విడదీయకపోతే ఇంకా పోతారు.

1948లో పాలస్తీనాలోని గలిలీ ప్రాంతం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు గుడారాల్లో తలదాచుకున్న చోటిది. తరాలు పెరిగాయి, హద్దు మాత్రం జరగలేదు. పక్కకు జాగా లేక ఇంటి మీద ఇల్లు లేచింది. 2011 తర్వాత సిరియా యుద్ధం తరిమినవాళ్లూ ఇక్కడికే చేరారు. బావుల్లో ఊరేది ఉప్పునీరు, తాగడానికి కొనుక్కోవాల్సిందే. ఆ ఉప్పే గొట్టాలనూ తినేస్తోంది.

బాధ్యత ఎవరిదంటే తలా ఒకరి వైపు చూస్తారు. ఐక్యరాజ్యసమితి సంస్థ ఉన్‌ర్వా బడులు, ఆరోగ్య కేంద్రం నడుపుతుంది, చెత్త ఎత్తుతుంది. శిబిరాన్ని పాలించే అధికారం దానికి లేదు. కరెంటు సంగతి చూసే స్థానిక కమిటీల దగ్గర డబ్బు లేదు. లెబనాన్ ప్రభుత్వమా, 2001 చట్టంతో ఈ శరణార్థులకు ఇల్లు కొనుక్కునే హక్కే లేకుండా చేసింది. వైద్యం, న్యాయవాదం వంటి వృత్తుల్లోకీ రానివ్వదు. శరణార్థులు ఇక్కడే పాతుకుపోతారన్న భయం ఆ దేశ రాజకీయాల్లో పాతదే. (తిరిగి వెళ్తామన్న పట్టు శరణార్థుల్లోనూ అంతే గట్టిది.) అయితే తీగకు తొడుగు వేసినంత మాత్రాన ఎవరి హక్కూ రద్దయిపోదు!

1950 మే నుంచి పనిచేస్తున్న ఉన్‌ర్వా దాదాపు పూర్తిగా దేశాలిచ్చే విరాళాల మీదే బతుకుతోంది. అప్పట్లో అతిపెద్ద దాతగా ఉన్న అమెరికా 2018లో ఒకసారి, 2024 జనవరిలో మరోసారి డబ్బు ఆపేసింది. సర్కారు బడీ ఆసుపత్రీ దాదాపుగా అందని ఈ జనానికి ఆ సంస్థ తలుపు మూతపడితే తట్టడానికి మరో తలుపు లేదు.

ఇటీవలి ఏళ్లలో భారత్ ఉన్‌ర్వాకు ఏటా 50 లక్షల డాలర్లు ఇస్తూ వచ్చింది. డబ్బిచ్చేవాళ్లకు అడిగే హక్కూ ఉంటుంది. లెబనాన్ ప్రభుత్వాన్ని, ఉన్‌ర్వాను, కమిటీలను ఒకచోట కూర్చోబెట్టమని ఢిల్లీ ఇప్పుడే అడగాలి. ముందు బడులకు వెళ్లే సందుల్లో తీగలు సరిచేయాలి, ఆ తర్వాతే మిగతావి.