మేనత్త వ్యాధి మనకు లెక్క లేదా?



గత మాసమున మా పాల్వంచలో పొరుగింటి యిల్లాలు మా యింటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా ఇట్లనినది: "అక్కయ్యగారూ, రొమ్ములో గోలీకాయంత గడ్డ తగులుతున్నది. నొప్పి మాత్రము లేదు." మీ వారిలో ఎవరికైన ఇట్టిది వచ్చెనా యని అడిగితిమి. "అమ్మవైపు ఎవరికీ లేదు. నాయనమ్మకూ మేనత్తకూ వచ్చిందట గాని, అది నాన్నవైపు గదా, మనకు లెక్క లేదు" అనినది. ఆ మాటయే మాచేత నేడిది వ్రాయించుచున్నది.

మన దేహమందలి ప్రతి కణమునందును జన్యువులు కలవు. వానిలో సగము తల్లి యిచ్చినవి, సగము తండ్రి యిచ్చినవి. కణములో పుట్టు తప్పులను దిద్దు జన్యువులు చెడినచో, ఆ తప్పులు పేరుకొని, కణములు హద్దు మీరి పెరిగి, రొమ్మునందో అండాశయమునందో కణితి యగును. కొన్ని వంశములందు రొమ్ము క్యాన్సరునకు ఇట్టి జన్యువొకటి కారణమని మేరీ క్లెయిర్ కింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు 1990లో చూపెను. బి.ఆర్.సి.ఏ. 1 అను ఆ జన్యువు 1994లోను, బి.ఆర్.సి.ఏ. 2 అనునది 1995లోను గుర్తింపబడినవి.

ఈ దోషము గల తండ్రి, తనకు వ్యాధి లేకున్నను, దానిని కూతునకు ఈయవచ్చును. ప్రతి బిడ్డకును అది వచ్చుటకు, రాకుండుటకు సమానావకాశము. అయినను ఇది నుదుటివ్రాత కాదు. దోషము వచ్చిన వారందరికిని వ్యాధి రాదు. రక్తపరీక్షచే ముందుగా తెలిసికొన్నవారిని వైద్యులు ఏటేట పరీక్షించి, కణితి చిన్నదిగా నున్నప్పుడే పట్టగలరు. మరియు రొమ్ము క్యాన్సరులలో నూటికి 5 మొదలు 10 మాత్రమే వంశమున వచ్చునవి. కావున వంశమున లేదని గడ్డను ఉపేక్షింపరాదు.

క్యాన్సరన్నంతనే మరణమని తలంచుటయు తగదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో సాగిన కృషి నుండి వెలువడిన మెథోట్రెక్సేటు అను మందు, స్త్రీలకు మావినుండి పుట్టు ఒక కణితిని నయము చేసెనని 1956లోనే ప్రకటింపబడినది.

తద్దినమునాడు మూడు తరముల పేర్లు తప్పక చెప్పుకొందుము. వారే వ్యాధితో పోయిరో మాత్రము, ఆడపిల్లల పెండ్లిండ్లకు అడ్డగునని, దాచుదుము. ఆ దాపరికమే ఆ పిల్లలకు ముప్పు.

మా పొరుగామె భర్తతో హైదరాబాదు వెళ్లి, 1955లో స్థాపింపబడిన ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో చూపించుకొని వచ్చినది. ఫలితము ఇంకను తెలియలేదు. కాని తిరిగి వచ్చిన రాత్రియే తన యిద్దరు కూతుళ్లను కూర్చుండబెట్టుకొని, నాయనమ్మ మాట, మేనత్త మాట చెప్పినదట. మీరును మీ బిడ్డలకు ఇరువైపుల మాటయు చెప్పుదురు గాక.