బోర్లా పడుకునే ఆలుమగలకు ఏ పరుపు?



కూలి రేట్ల గురించి రాయవలసిన సెక్రటరీ పరుపుల దుకాణం పెట్టిండా అని కొందరు నవ్వుతారు. నవ్వండి. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడ్డ నడుముకు ఇంటికి పోయాక ఏం దొరుకుతున్నది అన్నది కూడా కూలి లెక్కలోకే వస్తుందని నా అభిప్రాయం. ఆ నడుము మళ్ళీ లేవకపోతే రేటు పెరిగి మాత్రం ఏం లాభం?

పద్మానగర్‌లో మనకు తెలిసిన ఒక జంట ఉన్నది. ఆయన ఎనిమిది సాంచాలు చూస్తాడు. ఆమె ఇంట్లో బీడీలు చుడుతుంది. ఒకరిది రోజంతా నిలబడి, తెగిన పోగు అతకడానికి వంగే పని. ఇంకొకరిది చాట ఒళ్ళో పెట్టుకుని వంగి కూర్చునే పని. ఇద్దరికీ బోర్లా పడుకుంటే తప్ప నిద్ర పట్టదు. దీపావళికి చేతిలో నాలుగు డబ్బులు పడగానే, మిగిలింది వాయిదాల మీద కడతామని ఎనిమిది అంగుళాల మెత్తటి ఫోం పరుపు తెచ్చుకున్నారు. కూర్చుంటే మనిషి మునిగిపోతాడు. దుకాణంలో ఆ మెత్తదనమే చూసి మురిసిపోయారు. మూడు నెలలు తిరగకుండా ఆమె ఆఫీసుకు వచ్చి, "అన్నా, పొద్దున లేస్తే నడుము ఇరిగినట్టుంటది. బొంత మీద పండుకున్నప్పుడే నయముండె" అన్నది. అప్పటికి ఇంకా ఏడు వాయిదాలు బాకీ.

ఇందులో వింతేమీ లేదు. మన శరీరం బరువంతా ఒక్క తీరుగా ఉండదు. పొట్ట, తుంటి భాగంలో ఎక్కువ. బోర్లా పడుకున్నప్పుడు మెత్తటి పరుపులో ఆ భాగం దిగిపోతుంది, ఛాతీ, కాళ్ళు పైన ఉండిపోతాయి. నడుము లోపలికి విల్లులాగా వంగి, రాత్రంతా అట్లాగే ఉంటుంది. పైగా ఊపిరి కోసం మెడను ఒక పక్కకు తిప్పి పెట్టాలి. తల కింద ఎత్తు దిండు కూడా ఉంటే మెడ పక్కకే కాదు, వెనక్కి కూడా వంగుతుంది. పగలు సేటు వంచిన నడుమును రాత్రి మనమే డబ్బిచ్చి వంచుకున్నట్టు.

అట్లని కటిక నేల మేలని చెప్పే పెద్దల మాట కూడా పూర్తిగా నిజం కాదు. స్పెయిన్‌లో డాక్టర్లు చాలా కాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందికి, కొందరికి బాగా గట్టి పరుపులు, కొందరికి మధ్యరకం గట్టివి ఇచ్చి 90 రోజులు చూశారు. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితం అచ్చయింది. మధ్యరకం మీద పడుకున్నవాళ్ళకే ఎక్కువ ఉపశమనం దొరికింది. అది అన్ని తీర్ల పడుకునేవాళ్ళ లెక్క. బోర్లా పడుకునేవాళ్ళు ఆ మధ్యరకంలో కొంచెం గట్టి వైపుకే మొగ్గాలని నేనంటాను. తుంటి దిగిపోకూడదు, పక్కటెముకలకు, మోకాళ్ళకు నేల తగలకూడదు. అంతే కొలత.

మనకు అందుబాటులో ఉన్నవాటిలో దూది పరుపు ఇప్పటికీ చెడ్డది కాదు. మడిచి మూలన పెట్టవచ్చు, పది అడుగుల ఖోలీలో అది చిన్న సంగతి కాదు. కానీ నడుము ఆనే చోట ఏడాదికే గుంట పడుతుంది. ఎండబెట్టాలి, దూది మళ్ళీ ఏకించాలి. నూలు వేస్టు నింపిన చవక పరుపులు మాత్రం వద్దు. కార్ఖానాలో పీల్చిన దుమ్ము చాలదా, ముక్కు దానికే ఆనించి బోర్లా పడుకోవడం ఎందుకు? కొబ్బరి పీచు పరుపు గట్టిగా ఉంటుంది, బోర్లా పడుకునేవాళ్ళకు పనికొస్తుంది. అయితే భివండి వానాకాలం తేమకు దాన్ని నేలమీద అట్లాగే వదిలేస్తే బూజు పడుతుంది. వారానికి రెండుసార్లయినా గోడకు నిలబెట్టాలి. ఫోం ముక్కలను నొక్కి అతికించి చేసే పరుపు బరువు, గట్టి, మన్నుతుంది. మామూలు ఫోంలో దుకాణదారుడు డెన్సిటీ 32, 40 అని అంకెలు చెబుతాడు. ఆ అంకె ఫోం ఎంత బరువు, ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్నదానికి గుర్తు. గట్టిదనం వేరే సంగతి. అంకె విని మోసపోకండి.

ఆలుమగలకు ఇంకొక చిక్కు ఉన్నది. ఇద్దరి బరువు ఒకటి కాదు. ఆయన ఎనభై కిలోలు, ఆమె యాభై అనుకోండి. ఒకే మెత్తటి పరుపు అయితే ఆయన వైపు గుంట పడుతుంది, ఆమె రాత్రంతా ఆ గుంటలోకి జారుతూ, జారకుండా నడుము బిగబట్టి పడుకుంటుంది. ఒక పెద్ద పరుపుకు బదులు మూడడుగుల వెడల్పువి రెండు కొని పక్కపక్కన వేసుకోవడం మేలు. ఎవరి గట్టిదనం వారిది. పగలు ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు. పరుపులు వేరైతే కాపురం వేరైనట్టా అని ఒక పెద్దావిడ నన్ను నిలదీసింది. పైన ఒకే దుప్పటి పరిస్తే ఎవరికీ తెలియదమ్మా అన్నాను.

కొనేముందు ఇద్దరూ కలిసి వెళ్ళండి. ప్లాస్టిక్ కవరు మీదనే సరే, మీరు ఇంట్లో పడుకునే తీరుగా బోర్లా పది నిమిషాలు పడుకోండి. సిగ్గుపడవద్దు, కడుతున్నది మీ చెమట డబ్బు. ఒకరు పడుకుంటే ఇంకొకరు పక్కనుంచి చూడాలి. తుంటి ఛాతీ కంటే కిందికి దిగిందా, ఆ పరుపు వద్దు. అసలు దుకాణానికి పోకముందే వారం రోజులు ఇంట్లో రెండు బొంతలు మడిచి వేసుకుని పడుకుని చూడండి. లుంగీ గానీ పాత చీర గానీ పలుచగా మడిచి పొత్తికడుపు కింద పెట్టుకోండి, తల కింద దిండు తీసేయండి. కొందరికి దీనితోనే నొప్పి తగ్గవచ్చు, పైసా ఖర్చు లేదు. అలవాటు మార్చుకుని పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోగలిగితే ఇంకా మంచిది.

2020లో కరోనా అప్పుడు ఆసుపత్రుల్లో రోగులను బోర్లా పడుకోబెట్టారు కదా, అదే ఆరోగ్యం అని వాదించేవాళ్ళు కూడా ఉన్నారు. అది ఆక్సిజన్ పడిపోయిన మనిషికి డాక్టర్లు చేసిన ఉపాయం. నడుముకు మందు కాదు. చంటిపిల్లలను మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే, గట్టి పక్క మీదనే పడుకోబెట్టాలి. మెత్తటి పరుపులో బోర్లా పడిన పసిబిడ్డకు ఊపిరి ఆడకపోవచ్చు. పెద్దవాళ్ళలో కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా, పరుపు మార్చి చూద్దామని ఆగవద్దు. ఆ పూటే ఆసుపత్రికి పోవాలి.

ఇంత చెప్పాక అసలు మాట చెప్పకపోతే నేను నిజంగానే పరుపుల ఏజెంటునవుతాను. మనలో ఎంతమందికి సొంత పరుపు ఉన్నది? ఒక ఖోలీలో పగటి పాళీవాడు లేచిన పక్క మీదనే రాత్రి పాళీవాడు వచ్చి పడతాడు. పక్క చల్లారదు. కొందరు కార్ఖానాలోనే తాన్ల మీద ఒరుగుతారు, పక్కన సాంచాలు కొట్టుకుంటూనే ఉంటాయి. వారానికి 48 గంటలు దాటరాదని 1948 ఫ్యాక్టరీల చట్టంలో రాసుకున్నారు. రోజుకు 12 గంటల చొప్పున ఆరు రోజులకు 72 అవుతాయి. ఒకే కప్పు కింది సాంచాలను ముక్కలు చేసి, నలుగురైదుగురి పేర రాయించి, ఇది ఫ్యాక్టరీయే కాదన్నారు. వారానికి ఒక రోజు సెలవు కావాలని నారాయణ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి అడిగితే, అది దక్కేసరికి 1890 వచ్చింది. విశ్రాంతిని ఎవరూ ఊరికే ఇవ్వలేదు. పాళీ ఎనిమిది గంటలు కావాలన్న డిమాండు పక్కన, కార్ఖానాలో పడుకునేవాళ్ళకు సాంచాల చప్పుడుకు దూరంగా ఒక గది, మనిషికొక పక్క కావాలన్న డిమాండును కూడా రాయాలని వచ్చే జనరల్ బాడీలో నేను ప్రతిపాదిస్తాను. ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళు ఆ రోజు వచ్చి వాదించండి.

ఆ జంట సంగతి. దుకాణదారుడు పరుపు వాపసు తీసుకోలేదు. వాయిదాలు కడుతూనే ఉన్నారు. ఫోం పరుపును గోడకు చేరవేసి కూర్చోవడానికి వాడుకుంటున్నారు. ఇద్దరూ దూది పరుపు ఏకించుకుని, దాని కింద చాప, పైన బొంత వేసుకుని పడుకుంటున్నారు. ఆయనకు నయమే. ఆమెకు మెడ నొప్పి ఇంకా పోలేదు, దిండు వదలబుద్ధి కావడం లేదట.

— కార్యదర్శి