పాత గేములను ఏ తూకంతో తూచాలి?



పోయిన నెల మన గోడ పత్రికలో 10వ తరగతి అక్క ఒకరు రాసిన వ్యాసం అందరూ చదివే ఉంటారు. ఆదివారం పూట కంప్యూటర్ గదిలో మనం ఆడే పాత గేములు చూడ్డానికే సిగ్గుగా ఉన్నాయని, బొమ్మలన్నీ గళ్లు గళ్లుగా ఉంటాయని, ఆ గంట తీసేసి టీవీ గంట పెంచమని అక్క రాసింది. వచ్చే నెల బాలికల సభలో చేతులెత్తించి నిర్ణయం తీసుకుంటామని వార్డెన్ మేడం గారు చెప్పారు. కనుక చెయ్యి ఎత్తేముందు నా మాట కూడా ఒకసారి చదవమని కోరుతున్నాను. అక్క మీద కోపంతో రాయడం లేదు. అక్క వ్యాసం బాగుంది, చేతిరాత ఇంకా బాగుంది. కాని పట్టుకున్న తక్కెడ వేరేదని నా అభిప్రాయం.

చిన్న తరగతుల వాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి చెప్తున్నా. మన గదిలో 4 కంప్యూటర్లు ఉన్నాయి. ఒకటి ఆన్ కాదు. మిగిలిన మూడింట్లో కంప్యూటర్ సార్ గారు డేవ్, ప్రిన్స్, మారియో, టెట్రిస్ అనే దిమ్మల ఆట వేసి పెట్టారు. నాలుగూ 1984 నుంచి 1990 లోపు పుట్టిన ఆటలు. మనకంటే కాదు, మనలో చాలామంది అమ్మల కంటే కూడా పెద్దవి!

ముందు బొమ్మల సంగతి. మారియో 1985లో జపాన్‌లో నింటెండో వాళ్లు చేశారు. ఆ గేము మొత్తం, పాటలతో సహా, 40 కేబీలో పట్టింది. ఇప్పుడు సార్ గారి ఫోన్‌లో మన గ్రూపు ఫోటో ఒకటి తీస్తే రెండు మూడు ఎంబీ అవుతుంది. అంటే మనందరం నిలబడి నవ్విన ఒక్క ఫోటోలో యాభై మారియో గేములు పడతాయి. అంత ఇరుకు చోట్లో చేసిన పని అది. అందుకే వాళ్లు ఒక ఉపాయం చేశారు. ఈ ఆదివారం గమనించి చూడండి. ఆకాశంలో మబ్బు, నేల మీద పొద రెండూ ఒకటే బొమ్మ! రంగు తెలుపైతే మబ్బు, ఆకుపచ్చైతే పొద. నేను రెండేళ్లు ఆడాను, సార్ చెప్పేదాకా నా కంటికి ఆనలేదు. మారియోకి టోపీ, మీసం ఎందుకున్నాయో తెలుసా? 1981లో డాంకీ కాంగ్ అనే ఆటలో మొదటిసారి ఆ మనిషిని గీసినప్పుడు ఉన్న కాసిని చుక్కలతో నోరు, జుట్టు గీయడం కుదరలేదు. నోటికి బదులు మీసం, జుట్టుకు బదులు టోపీ పెట్టారు.

టెట్రిస్ కథ ఇంకా విచిత్రం. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన చేశాడు. ఆయన పనిచేసే కంప్యూటర్‌లో బొమ్మలే రావు, అక్షరాలు మాత్రమే వస్తాయి. అప్పుడు ఆయన మనం లెక్కల్లో వేసే బ్రాకెట్లను పక్కపక్కన పెట్టి దిమ్మలు తయారుచేశాడు. ప్రిన్స్ గేము 1989లో అమెరికాలో జోర్డాన్ మెక్నర్ అనే ఆయన చేశాడు. తమ్ముడికి తెల్ల బట్టలు వేయించి, పరిగెత్తించి, ఎగిరించి, వీడియో తీసి, దాన్ని చూసి ఒక్కొక్క కదలిక గీశాడు. అందుకే ఆ రాకుమారుడు గట్టు పట్టుకుని వేలాడితే మనకు కడుపులో జలదరిస్తుంది. ఇంకో శత్రువును గీయడానికి మెమరీలో చోటు మిగల్లేదట. రాకుమారుడి బొమ్మనే కాస్త మార్చి నీడ మనిషిని చేశాడు. మనల్ని ముప్పుతిప్పలు పెట్టే ఆ నీడ మనిషి చోటు లేకపోవడం వల్లే పుట్టాడన్నమాట!

ఇంట్లో ఉప్పు, చింతపండు, ఎండు మిరపకాయ మూడే ఉన్న రోజు మా అవ్వ చారు కాస్తుంది. దాన్ని పెళ్లి విందు కూరలతో పోల్చి ముక్కలేవీ అని అడిగితే ఎట్లా ఉంటుంది? మా ఊళ్లో పెద్దవాళ్లు బండ మీద బొగ్గుతో గీతలు గీసి పులి-మేక ఆడతారు. 3 పులులు, 15 మేకలు. పులి అంటే చింతగింజ, మేక అంటే గులకరాయి. ఆ పులికి చారలు లేవని ఇప్పటిదాకా ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

అయితే నేను కంప్యూటర్ సార్ గారి పక్షం కూడా పూర్తిగా కాదు. (సార్ ఏమీ అనుకోవద్దు.) సార్ గారు పాతవన్నీ బంగారం అంటారు. అట్లా అనడానికి లేదు. పోయిన ఏడాది సార్ మాకు 1972 నాటి పాంగ్ చూపించారు. రెండు గీతలు, మధ్యలో ఒక చుక్క, బంతాట లాంటిది. వ్యాపారంలో పేరు తెచ్చుకున్న తొలి వీడియో గేముల్లో అది ఒకటి, గొప్పదే, ఒప్పుకుంటాను. కాని పది నిమిషాలకే నాకు ఆవులింత వచ్చింది. గౌరవించడం వేరు, సంతోషంగా ఆడడం వేరు. చారు చప్పగా ఉంటే చప్పగా ఉందనే అంటాం గదా. ఏమీ లేని ఇంట్లో కాచింది కాబట్టి రుచిగా ఉందని అబద్ధం చెప్పక్కర్లేదు, చప్పగా ఉంది కాబట్టి కాచిన మనిషికి పని రాదనీ అనక్కర్లేదు. అక్క ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసిందని నా ఫిర్యాదు. ఆ రోజుల్లో అది ఎంత పని చేసింది అన్నది ఒక ప్రశ్న. ఈ ఆదివారం 11 గంటలకు నాకు అది ఆనందం ఇస్తుందా అన్నది ఇంకో ప్రశ్న.

రెండో ప్రశ్నకే నా జవాబు ముఖ్యం, ఎందుకంటే సభలో తేలాల్సింది అదే.

అక్క రాసిన ఇంకో తప్పు ఏమిటంటే, ఈ గేముల్లో ఊరికే చచ్చిపోతామని. నిజమే. డేవ్‌లో నిప్పు తగిలితే పోతాడు, నీళ్లు తగిలితే పోతాడు. కప్పు తీసుకోకుండా తలుపు దగ్గరికి వెళితే తలుపు తెరుచుకోదు, మళ్లీ వెనక్కి పోవాలి, దారిలో మళ్లీ పోతాడు. ఇప్పటి ఫోన్ గేముల్లో అయితే చచ్చిన చోటనే మళ్లీ లేస్తాం. ఈ కష్టం ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆ కాలంలో పట్నాల్లో గేములు దుకాణాల్లో పెద్ద పెట్టెల్లా ఉండేవి. నాణెం వేస్తేనే ఆట. ఆడేవాడు త్వరగా ఓడిపోతేనే ఇంకో నాణెం పడుతుంది. తర్వాత ఇంట్లో ఆడే గేములు వచ్చినా ఆ అలవాటు వదల్లేదు, మూడు లైఫ్‌లు ఇచ్చి తరమడం. అంటే అది ఆనాటి మంచితనం ఏమీ కాదు, డబ్బు ఆశే. ఇప్పటి గేములు డైమండ్లు కొనమన్నట్టే అప్పటివి నాణేలు వేయమన్నాయి. ఈ విషయంలో పాతకాలానికి నేను మార్కులు వేయను.

కాని మన హాస్టల్ లెక్క వేరు. మా తరగతిలో 38 మందిమి, కంప్యూటర్లు 3, టైము 1 గంట. అందరూ చావకుండా ఆడుతూ పోతే మిగతా వాళ్లకు కుర్చీ ఎప్పుడు దొరుకుతుంది? డేవ్ రెండు నిమిషాల్లో పోతాడు కాబట్టే వెనక నిలబడ్డ అమ్మాయికి చాన్స్ వస్తుంది. ఎవరి కాసు గుంజుకోవడానికో పెట్టిన కష్టం మన దగ్గర వంతు పంచే పని చేస్తోంది! ప్రిన్స్ మాత్రం మనకు అంత కుదరదు. రాకుమారిని విడిపించడానికి 60 నిమిషాల గడువు, మన గంటా అంతే. ఒక్కతే ఆడితే మిగతా వాళ్లు గోడకు ఆనుకుని నిద్రపోవాలి. అందుకని మేము పడిపోయిన ప్రతిసారీ కుర్చీ మారుతున్నాం. ఒకరు దూకుతుంటే పదిమంది వెనక నుంచి "ఆగు ఆగు, ఇప్పుడు!" అని అరుస్తాం. ఫోన్ గేము ఒకరి చేతిలో ఒకరి కంటికే కనపడుతుంది. సెలవుల్లో మా అన్న ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడుతుంటే పక్కన కూర్చున్నా నాకు వాడి మోచెయ్యి తప్ప ఏమీ కనపడదు. అది బాగుండదని కాదు. బొమ్మలు చాలా బాగుంటాయి, నిజం అడవిలాగే ఉంటుంది. కాని హాస్టల్లో ఫోన్లు లేవు, వద్దు కూడా.

ఒక విషయంలో మాత్రం నేను పాత గేములను నేటి తూకంతోనే తూస్తాను. మారియోలో రాకుమారిని ఎత్తుకుపోతారు. ప్రిన్స్‌లో రాకుమారిని గదిలో పెడతారు. ఆమె చేసే పని అంతా ఎదురుచూడడమే. ప్రిన్స్‌లో ఒక్కసారి ఎలుకను సాయం పంపుతుంది, అంతే. అప్పటి కాలం అట్లాంటిది అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. గళ్ల బొమ్మలకు మెమరీ చాలకపోవడం కారణం. ఆడపిల్లను కూర్చోబెట్టడానికి మెమరీ కారణం కాదు గదా! 1986లోనే మెట్రాయిడ్ అనే గేములో ఇనుప కవచం వేసుకుని పోరాడిన వీరుడు, ఆట త్వరగా ముగిస్తే, చివర్లో తలకవచం తీస్తాడు. చూస్తే ఆడమనిషి! అంటే ఆ రోజుల్లోనూ చేయాలనుకున్న వాళ్లు చేశారు. మా ఊళ్లో పుల్లలకు, నీళ్లకు, ఇప్ప పువ్వుకు అడవిలోకి ముందు నడిచేది ఆడవాళ్లే. ఎవరో వచ్చి విడిపిస్తారని కూర్చున్న ఆమెను నేనింకా చూడలేదు. కనుక ఈ తప్పును ఈనాటి వాళ్లం గట్టిగా తప్పు అనవచ్చు, అంటూనే ఆడవచ్చు. నేనైతే ప్రిన్స్ ఆడుతూ ప్రతివారం ఆ రాకుమారిని లేచి తలుపు తన్నమని తిడతాను.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. 6వ తరగతిలో ఇక్కడ చేరినప్పుడు నాకు కోయ మాట బాగా వచ్చు, తెలుగు సగం వచ్చు, ఇంగ్లీషు అసలు రాదు. మా ఇంట్లో బడి గడప దాటి హాస్టల్ దాకా వచ్చింది నేనే మొదటిదాన్ని. కంప్యూటర్ గదిలో ఏది నొక్కినా ఇంగ్లీషులో ఏదో అడిగేది. నా యాసకు కొందరు నవ్వేవాళ్లు కాబట్టి ఎవరినీ అడిగేదాన్ని కాదు. టెట్రిస్ ఒక్కటే నన్ను ఏ అక్షరం అడగలేదు. దిమ్మ పడుతుంది, తిప్పాలి, వరస నిండితే మాయమవుతుంది. ఏడు రకాల దిమ్మలు, అంతే పాఠం. మారియో కూడా అంతే, మొదటి లెవెల్‌లో ఒక్క ముక్క రాసి చెప్పకుండానే దేని మీద ఎగరాలో, దేన్ని గుద్దాలో తెలిసిపోతుంది. ఇప్పటి గేముల్లో ఆట మొదలయ్యేలోపు చదవాల్సింది ఎంత ఉంటుందో ఇంట్లో ఫోన్లు ఉన్నవాళ్లకు తెలుసు. మూడో వారానికి టెట్రిస్‌లో నా పేరు పైన ఉంది. ఆ తర్వాత నవ్విన వాళ్లే వచ్చి ఎట్లా తిప్పావు అని అడిగారు. బళ్లో మమ్మల్ని, చిన్నప్పటి నుంచి ట్యూషన్ చెప్పించుకున్న పట్నం పిల్లల్ని ఒకే మార్కుల కాగితం మీద చూస్తారు. మార్కులు కలపమని నేను అడగను, తక్కువ వస్తే తక్కువే. ఎక్కడి నుంచి మొదలుపెట్టిందో కూడా పక్కన రాసుకోమంటాను. పాత గేము తరఫున అడుగుతున్నదీ అదే.

పాతది కాబట్టి అందులో ఇంక ఏమీ మిగల్లేదు అనుకునేవాళ్లకు ఒక వార్త. 1989లో నింటెండో పెట్టెకు వచ్చిన టెట్రిస్‌ను ఎవరూ చివరిదాకా ఆడలేకపోయారు. 29వ లెవెల్ దాటడం మనిషి వల్ల కాదని చాలా ఏళ్లు అనుకున్నారు. 2023 డిసెంబరులో అమెరికాలో ఒక అబ్బాయి 157వ లెవెల్ దాకా వెళితే ఇక పడేయడానికి చేతగాక గేమే ఆగిపోయింది. మనిషి చేతిలో అట్లా ఓడిపోవడం అదే మొదటిసారి. అప్పటికి ఆ అబ్బాయికి 13 ఏళ్లు. ఇప్పటి నా కంటే చిన్న!

కాబట్టి సభకు నా మనవి ఇది. గంట తీసేయొద్దు. పాంగ్ తీసేసినా నాకు బాధ లేదు. ప్రిన్స్‌కు ఒక్క కంప్యూటరే ఇవ్వాలి, మిగతా రెండూ డేవ్‌కు, దిమ్మల ఆటకు. ఆడకుండా చూసి నవ్వినవాళ్లు ముందు మూడు ఆదివారాలు ఆడి, రూల్సు తెలుసుకుని, అప్పుడు బాగాలేదంటే నేను వింటాను. వ్యాసం రాసిన అక్కకు కూడా చెప్తున్నా, పబ్లిక్ పరీక్షల హడావిడిలో తీరిక లేకపోయినా ఒక్క ఆదివారం రా అక్కా. వంతుల కాగితం కంప్యూటర్ గది తలుపుకు అంటించాను. రెండో వరసలో నీ పేరు పెన్సిల్‌తో రాసి ఉంచాను, వద్దంటే చెరిపేస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని, 'బి' సెక్షన్