రాతి అక్షరాల నుంచి వార్త దాకా...

విలేకరులకు పాఠాలు చెప్పే మాస్టారంటే ఎవరు గుర్తొస్తారు? పాతికేళ్లు వార్తల వెంట పరుగులు తీసి, డెస్కులో తల నెరిసిన పెద్దమనిషి. బూదరాజు రాధాకృష్ణ ఆ దారిన రాలేదు. ఆయన వచ్చింది రాళ్ల దగ్గర్నుంచి. అవును, శాసనాలు చెక్కిన రాళ్లే!

చీరాల పక్కన వేటపాలెంలో 1932లో పుట్టారాయన. మగ్గాలకూ, జీడిపప్పుకూ, 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయానికీ పేరుపడ్డ ఊరది. తెలుగు చదివి, కాలేజీలో అధ్యాపకుడయ్యారు. భాషాశాస్త్రం మీద మనసుపడి, తెలుగు శాసనాల భాషను పరిశోధించారు. ఆ తర్వాత తెలుగు అకాడమీలో చాలాకాలం పనిచేశారు. కాలేజీ చదువులు తెలుగులో సాగాలంటే పుస్తకాలు కావాలి కదా, అందుకోసం 1968లో పుట్టిన సంస్థ అది. అక్కణ్నుంచి ఈనాడు జర్నలిజం స్కూలు ప్రిన్సిపాల్ కుర్చీకి చేరారు.

శాసనానికీ వార్తకీ సంబంధం ఏమిటంటారా? ఉంది. దానశాసనం తీసుకోండి. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఏమిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఆ పొలానికి నాలుగు హద్దులేమిటి... ఇవీ అందులో ఉండేవి. విలేకరి నోట్‌బుక్కులో ఉండాల్సినవీ ఇవేగా! పైగా రాతిమీద చెక్కేవాడికి ప్రతి అక్షరమూ ఉలిదెబ్బే. ఊకదంపుడుకు చోటుండదు.

శాసనాలు ఇంకో సంగతి కూడా చెబుతాయి. కడప జిల్లా కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 నాటిదని పండితుల అంచనా. నన్నయ భారతం 11వ శతాబ్దిది. అంటే కావ్యానికి నాలుగైదు వందల ఏళ్ల ముందే తెలుగు రాతికెక్కింది. ఆ మాటల్లో సగం ఇప్పుడు మనకు అర్థం కావు. అవన్నీ చదివినవాడు ‘భాష ఎప్పుడూ ఇలాగే ఉంది, ఇలాగే ఉండాలి’ అని ఎలా అంటాడు? బూదరాజూ అనలేదు. వాడుక భాష పుట్టుపూర్వోత్తరాలను తవ్వి ‘వ్యావహారిక భాషా వికాసం’ రాశారు. అలాగని ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేయమనీ అనలేదు. భాష మారుతుంది సరే. ఎలా మారుతోందో తెలిసి రాయమన్నది ఆయన పద్ధతి.

ఆయన అభిరుచులు చూస్తే ఇంకా ఆశ్చర్యం. కేంద్ర సాహిత్య అకాడమీ కోసం ఇద్దరి మీద పుస్తకాలు రాశారు. ఒకరు పరవస్తు చిన్నయసూరి. బాలవ్యాకరణంతో తెలుగుకు కట్టుదిట్టమైన సూత్రాలు బిగించినవారు. రెండోవారు శ్రీశ్రీ. ఛందస్సు సర్పాల చుట్టల్లోంచి కవితను బయటికి లాగినవారు. ఒకరిని ఇష్టపడేవాళ్లకు సాధారణంగా రెండోవారు గిట్టరు. ఈయనకు ఇద్దరూ కావాలి! కట్టడి తెలియకపోతే స్వేచ్ఛ విలువ తెలియదు మరి.

మాటలంటే ఆయనకు ప్రాణం. వాటి అర్థాలూ, అవతారాలూ పట్టుకుని తిరిగారు. తెలుగు జాతీయాలు పోగుచేశారు. ‘మాటల వాసి’ చూశారు. ఇంగ్లీషు మాటకు తెలుగు వెతుక్కునేవాళ్ల కోసం ‘ఆధునిక వ్యవహార కోశం’ కూర్చారు. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ల కోసం ‘మంచి జర్నలిస్టు కావాలంటే’ రాశారు. తాను ఎరిగిన మనుషుల గురించి ‘విన్నంత కన్నంత’ అంటూ చెప్పుకొచ్చారు. మొహమాటం తక్కువ, సూటిదనం ఎక్కువ.

ఇంతకీ విలేకరికి ఈ మాటల గొడవ ఎందుకు? వార్త ముఖ్యం కానీ వాక్యం కాదు కదా అనిపించొచ్చు. ఒక్క ఉదాహరణ చూడండి. ‘పంట నష్టపరిహార నిమిత్తమై దరఖాస్తులు ఈ నెల 20వ తేదీ వరకు స్వీకరించబడును’ అని రాశారనుకోండి. ఇంగ్లీషు అచ్చులో పోసిన ఆఫీసు తెలుగు. దాన్నే ‘పంట నష్టపోయిన రైతులు ఈ నెల 20లోగా దరఖాస్తు ఇవ్వాలి’ అంటే? మొదటిది ఫైలుకు చెప్పినట్టుంది. రెండోది రైతుకు చెప్పినట్టుంది. టీకొట్టు దగ్గర ఒకరు పైకి చదువుతుంటే నలుగురు వినే ఊళ్లు మనవి. ఆ నలుగురిలో ఒక్కడికి అర్థం కాకపోయినా గడువు దాటిపోతుంది, చేతికందాల్సిన సొమ్ము పోతుంది. అప్పుడు తప్పు రైతుదా, వాక్యానిదా?

అందుకే పత్రికలో భాష అలంకారం కాదు, పనిముట్టు. కొడవలికి పదునెలాగో వార్తకు మాట అలాగ. ఆ పదును పట్టడం నేర్పాలంటే వార్తలు రాసిన అనుభవం ఒక్కటే చాలదు. మాట పుట్టుక తెలియాలి, నడక తెలియాలి, జనం నోట్లో అది ఎలా నలుగుతుందో తెలియాలి. బూదరాజు చదువంతా అదే.

ఆయన 2006లో కన్నుమూశారు. ఇప్పుడు వార్త కాగితం దాటి టీవీ తెర కింద పరుగెత్తే పట్టీకీ, అరచేతిలో ఫోనుకూ చేరింది. చోటు తగ్గింది, తొందర పెరిగింది. ‘స్వీకరించబడును’ మాత్రం ఎక్కడికీ పోలేదు! రేపు పేపర్లో అలాంటి వాక్యం ఎదురైతే, రాసినవారి మీద విసుక్కోకండి. దాన్ని మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోకి ఓసారి తిప్పి చూడండి. రెండు మాటలు తగ్గి, అర్థం పెరిగిందా? అయితే మాస్టారి పాఠం మీకూ వచ్చేసినట్టే.