అబ్బా డబ్బాలో కొత్త జాన్

మా తమ్ముడు ఇల్లు మారుతూ ఫోన్ చేశాడు. "భాయ్, అబ్బా సీపీయూ ఇంకా ఇక్కడే పడి ఉంది. కబాడీవాలా కింద నిలబడ్డాడు. ఇనుము రేటుకి ఇచ్చెయ్యనా?"

"నక్కో, ఆగు" అన్నాను. ఎందుకన్నానో ఆ క్షణాన నాకే తెలీదు. సాయంత్రం ఆటో మాట్లాడుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎల్బీనగర్ తెచ్చుకున్నాను. మెట్రోలో అయితే మూడు స్టేషన్లే. కానీ ఆ బరువుతో మెట్లెక్కే ఉమర్ నాది కాదు.

మన ఇళ్లలో డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటాం. అసలు సీపీయూ అంటే లోపల అగ్గిపెట్టెంత ఉండే చిప్పు. బయటి ఇనుప పెట్టె పేరు కేబినెట్. ఈ ఫరక్ తెలియకనే చిప్పు పాతబడితే పెట్టె కూడా పాతబడిందనుకుని తూకానికి అమ్మేస్తున్నాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే ముందు ప్రాసెసర్లకు, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 అధికారికంగా దొరకదు. అందుకే ఇప్పుడు గల్లీ గల్లీలో డబ్బాలు బయటపడుతున్నాయి. వాటిలో చాలావాటికి వచ్చిన మర్జ్ అంతా లోపలి సామానుదే. పెట్టె తందురుస్తుగానే ఉంది.

మా డబ్బా కిస్సా కొంచెం వేరు. అబ్బా కాతిబ్. ఉర్దూ అఖ్బార్ పేజీలు కలంతో, సియాహీతో రాసి కుటుంబాన్ని పోషించారు. నస్తాలిక్‌ను మెషీన్ రాయలేదని ఆయన తరం కాతిబ్‌లకు గట్టి యకీన్. ఎందుకంటే అందులో అక్షరం వరసన కూర్చోదు, పక్క అక్షరాన్ని చూసి పైకీ కిందకీ జారుతుంది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేలకొద్దీ అక్షరాల జోడీలను విడివిడిగా రాసి నూరీ నస్తాలిక్‌ను కంప్యూటర్‌కి ఎక్కించారు. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే అబ్బా కుర్చీ పోయింది.

ఆయన కూర్చుని ఏడవలేదు. 1999లో చిట్టీ పాడి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నారు. సెలెరాన్ ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్. తన రోజీ లాక్కున్న మెషీన్‌నే యాభై ఏళ్ల వయసులో ఇంటికి తెచ్చి, దాని మీదే షాదీ రుక్కాలు కంపోజ్ చేసి మా ఫీజులు కట్టారు. పగలు ఆయన ఇన్‌పేజ్, రాత్రి నా పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీలో చేరినవాణ్ని, నా మొదటి తెలుగు వ్యాసం ఆ డబ్బా మీదే టైపు చేశాను. ముందు భాగంలో అబ్బా అంటించిన చీటీ ఇంకా ఉంది: "కరెంటు పోతే ముట్టుకోవద్దు". తెలుగులోనే రాశారు. ముట్టుకునేది నేనేనని ఆయనకు తెలుసు!

ఇక హాల్. మా అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం, దానికి కంప్యూటర్ కావాలి. బంధువులందరిదీ ఒకటే సలహా, ల్యాప్‌టాప్ ఈఎంఐలో తీసుకోమని. మన ఖాన్‌దాన్‌లలో ఇదో కొత్త షాన్. నా రాయ్ చెప్తాను, నచ్చకపోతే మాఫ్ చేయండి. ఇంట్లో కూర్చుని చదివే పిల్లకి సూద్ కట్టి ల్యాప్‌టాప్ కొనడం కంటే, అంతకంటే తక్కువలో నఖ్ద్ ఇచ్చి పాత డబ్బాలో కొత్త సామాను వేసుకోవడం మేలు. ఒక్క ర్యామ్ పోతే ఒక్క ర్యామే మారుతుంది. రోజూ కాలేజీకి మోసుకెళ్లాల్సిన పిల్లల సంగతి వేరు, వాళ్లకి ల్యాప్‌టాప్ జరూరత్.

షాపులో ఈ మాట అంటే నవ్వారు. "దీంట్లో ఏదీ పట్టదు సార్" అంటూ రంగు లైట్లు తిరిగే గాజు కేబినెట్ చూపించారు. అది సరైన మాట కాదు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత పెట్టింది. పెద్ద బోర్డు 305 బై 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 బై 244. స్క్రూ రంధ్రాల స్థానాలు నేటికీ అవే. 1999 నాటి డబ్బాలో ఈ ఏడాది బోర్డు కూర్చుంటుంది, కూర్చుంది కూడా.

కూర్చోవడం ఒకటి, నడవడం ఒకటి. అన్నీ బిగించి బటన్ నొక్కితే ఏమీ లేదు, ఫ్యాన్ కూడా తిరగలేదు. అమ్మాయి నా వైపు చూసింది, నేను సీలింగ్ వైపు చూశాను. తప్పు నాదే. పాత బోర్డు పెద్దది, దాని కింద ఇత్తడి స్టాండ్‌లు ఎక్కువ. కొత్త చిన్న బోర్డుకి అక్కర్లేని రెండు స్టాండ్‌లు అలాగే వదిలేశాను. అందులో ఒకటి బోర్డు అడుగున తగిలి షార్ట్ అవుతోంది. తీసేశాక లేచింది. బోర్డు కాలిపోలేదు, అల్‌హమ్దులిల్లాహ్. మీరు చేస్తే ముందు రంధ్రాలు లెక్కపెట్టుకోండి.

పాత ఎస్‌ఎంపీఎస్ మాత్రం దయచేసి వాడకండి. అబ్బా మీద మొహబ్బత్‌తో నేనూ వాడదామనుకున్నాను. ఆ కాలపు సప్లైలు ఎక్కువ కరెంటు 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్ల మీద ఇచ్చేవి. నేటి ప్రాసెసర్ తాగేదంతా 12 వోల్టుల లైన్ నుంచే. ప్లగ్గు కూడా అప్పుడు 20 పిన్నులు, ఇప్పుడు 24. లోపలి కెపాసిటర్లు పాతికేళ్లలో ఎండిపోయి ఉంటాయి. డబ్బు ఎక్కడైనా మిగల్చండి, ఇక్కడ కాదు. ఏటీఎక్స్ కంటే ముందు కాలపు ఏటీ డబ్బా అయితే ఇంకో ఖతరా ఉంది. దాని ముందు బటన్‌కి ఇంటి కరెంటు, 230 వోల్టులు, నేరుగా వస్తుంది. ఆ వైర్లు కొత్త బోర్డుకి తగిలించకూడదు. బటనే మార్చాలి.

చిన్న చిన్న పేచీలు ఇంకా వచ్చాయి. పవర్ లైటు ప్లగ్గు మూడు పిన్నులది, బోర్డు మీద రెండే, సూదితో ఒక వైరు పక్క రంధ్రంలోకి జరిపాను. వెనక 80 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కే చోటుంది. మే నెల ఎండకి అది చాలదని 65 వాట్ల ప్రాసెసరే తీసుకున్నాం, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. గేమ్‌లు ఆడే పిల్లలుంటే ఈ డబ్బా గాలి సరిపోదు, కొత్త కేబినెట్ కొనుక్కోవడమే అక్లమందీ. కొన్ని బ్రాండెడ్ డబ్బాల లోపలి కొలతలు వాళ్లవే, వాటితో కుస్తీ పట్టడం వక్త్ బర్బాద్. తుప్పు పట్టి అడుగు ఊడిపోయిన వాటిని కూడా నేను కాపాడమనను.

పసుపెక్కిన ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లగా చేస్తామంది అమ్మాయి. చేస్తారు, నిజమే, చేతులకి గ్లౌజులు వేసుకుని. కానీ చీటీ పోతుందని నేను ఒప్పుకోలేదు. సీడీ డ్రైవ్‌కి కొత్త బోర్డులో ప్లగ్గే లేదు. అందుకని ట్రే లాగి పెన్‌డ్రైవ్‌లు పెట్టుకుంటోంది.

మొన్న జుమా తర్వాత అబ్బాని కూర్చోబెట్టాం. బటన్ ఆయనే నొక్కారు. పాత మానిటర్ గుయ్‌మనే చప్పుడు కోసం చెవి ఒగ్గారు కాబోలు, ఈలోగా స్క్రీన్ వచ్చేసింది. "ఇంత జల్దీనా?" అన్నారు. అమ్మాయి నోటో నస్తాలిక్ ఫాంట్‌లో ఆయన పేరు టైపు చేసి పెద్దగా చూపించింది. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"నుక్తా కొంచెం ఎడమకి పడింది బేటీ" అన్నారు. "కాగితం తే, రాసి చూపిస్తా."