పన్ను తగ్గినంతగా తగ్గని సెలూన్ బిల్లు

సెలూన్, స్పా, జిమ్, యోగా కేంద్రాల సేవలపై జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. వెయ్యి రూపాయల సేవకు 1,180 రూపాయలు చెల్లిస్తున్నవారు ఇకపై 1,050 రూపాయలు చెల్లిస్తే సరిపోతుందన్నది పైకి కనిపించే లెక్క. అయితే నగరాల్లోని ఖరీదైన సెలూన్లలో ఆ 130 రూపాయలు పూర్తిగా వినియోగదారుడికి చేరే అవకాశం మొదటి నుంచీ లేదు.

అందుకు కారణం ఆ నిర్ణయంలోనే ఉన్న మరో షరతు. సెప్టెంబరు 3న సమావేశమైన జీఎస్‌టీ మండలి పన్ను రేటుతో పాటు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను కూడా తొలగించింది. దుకాణం అద్దె మీద, యంత్రాల మీద, సౌందర్య సాధనాల మీద తాము కట్టిన పన్నును సెలూన్లు అంతకుముందు తమ పన్ను బాకీలో మినహాయించుకునేవి. ఇప్పుడు ఆ వీలు లేదు. షాంపూ, తలనూనెల వంటివి 5 శాతం శ్రేణిలోకి వచ్చినా, వాణిజ్య భవనాల అద్దెపై, సౌందర్య సాధనాల్లో అధిక భాగంపై 18 శాతం యథాతథంగా కొనసాగుతోంది.

ఉదాహరణకు, వెయ్యి రూపాయల సేవలో అద్దె, సామగ్రి ఖర్చు 400 రూపాయలు అనుకుందాం. దానిపై కట్టిన 72 రూపాయల పన్ను ఇకపై తిరిగి రాదు. లాభం తగ్గకూడదంటే సెలూన్ తన ధరను 1,072 రూపాయలకు పెంచాలి. 5 శాతం పన్ను కలిపితే బిల్లు దాదాపు 1,126 రూపాయలు. మిగిలేది 54 రూపాయలే. అదే ఖర్చు 600 రూపాయలైతే బిల్లు 1,163కు చేరుతుంది. వినియోగదారుడికి దక్కేది 17 రూపాయలు. పన్ను కోత అంతరార్థం ఇక్కడే బయటపడుతుంది: హంగులు, అద్దెలు ఎంత ఎక్కువైతే ఊరట అంత తక్కువ. దిగుమతి రంగులు, క్రీములు వాడే సెలూన్లకు, 2025 డిసెంబరులో డాలరుకు 90 దాటిన రూపాయి మరో భారం.

తగ్గింపును వినియోగదారులకు బదలాయించని వ్యాపారులపై చర్యకు ఉద్దేశించిన లాభాపేక్ష నిరోధక యంత్రాంగం 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులను స్వీకరించడం లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కానీ క్రెడిట్ పోయినందున ధర పెంచామని సెలూన్ చెబితే, ఆ వాదనలో ఎంత నిజమో తేల్చడం సామాన్యుడికి సాధ్యం కాదు.

పోటీ పెరిగితే ధరలు దిగుతాయన్న సూత్రం ఈ విపణిలో ఎందుకు పనిచేయదన్నది ఆసక్తికరమైన ప్రశ్న. 1980లో లాక్మే సెలూన్, 2000లో చెన్నై నుంచి నేచురల్స్, 2014లో సేవలను ఇంటి గుమ్మానికే తెచ్చిన అర్బన్ కంపెనీ... పోటీకి కొదవ లేదు. అర్బన్ కంపెనీ అయితే పన్ను తగ్గడానికి అయిదు రోజుల ముందే స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. కానీ పై అంతస్తులో పోటీ ధర మీద కాదు. రద్దీ కూడలిలో స్థలం కోసం, చేయి తిరిగిన స్టైలిస్టు కోసం. ఒక స్టైలిస్టు సంస్థ మారితే ఖాతాదారులు కూడా ఆయన వెంటే వెళతారు. అందుకే సంస్థలు ఎక్కువ జీతం ఇచ్చి ఎగరేసుకుపోతుంటాయి, ఆ ఖర్చు మళ్లీ బిల్లులోకే చేరుతుంది. పైగా పెళ్లికూతురి అలంకరణ వంటి సందర్భాల్లో తక్కువ ధర చెప్పినవారినే జనం అనుమానిస్తారు.

అలాగని ఈ రంగంలో అందరి ఆదాయం పెరిగిందనుకోవడం పొరపాటు. పేరున్న కొందరిని మినహాయిస్తే, మహానగరాల సెలూన్లలో పనిచేసే ఈశాన్య రాష్ట్రాల యువతీయువకులతో సహా చాలామంది సంపాదన నెలవారీ టార్గెట్లతో ముడిపడి ఉంటుంది. యాప్‌ల ద్వారా ఇళ్లకు వెళ్లే మహిళలు కమీషన్లపై, పని షరతులపై 2021లో గురుగ్రామ్‌లో రోడ్డెక్కారు. గిగ్ కార్మికుల సామాజిక భద్రత కోసం వేదికలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం జమ చేయాలన్న నిబంధన ఉన్న సామాజిక భద్రత స్మృతి 2025 నవంబరు 21న గానీ అమల్లోకి రాలేదు.

ఇక కాలనీ మూలనున్న క్షౌరశాల సంగతి వేరు. ఏటా పంటలో మేర అందుకుని ఊరందరికీ క్షౌరం చేసిన నాయీ బ్రాహ్మణుల వారసులే తెలుగు రాష్ట్రాల్లో ఈ దుకాణాలను ఎక్కువగా నడుపుతున్నారు. ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు వ్యాపారం కనుక వీరిలో అత్యధికులు జీఎస్‌టీ పరిధిలోకే రారు. పెద్ద సెలూన్ల బిల్లుపై 18 శాతం పన్ను పడినంతకాలం అదే వీరికి కొంత రక్షణగా ఉండేది. ఆ అంతరం ఇప్పుడు 5 శాతానికి కుదించుకుపోయింది. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి వీరి దుకాణాలకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్ అందుతోంది. వేసవిలో ఏసీ వేస్తే ఆ పరిమితి దాటిపోతుంది. వేయకపోతే కుర్రకారు పక్క వీధిలోని గాజు తలుపుల సెలూన్‌కు వెళ్లిపోతున్నారు.